అత్త చేపల తొట్టిలో నాన్న వేసిన రాళ్ళు

మా పైడమ్మ అత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేస్తే విజయనగరం నుంచి రైలెక్కాను. టాటానగర్‌లో దిగి, ఖర్కాయి వంతెన దాటి, ఆదిత్యపూర్‌లో వాడి ఫ్లాట్‌కి చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దకర్మ దాకా ఉండమన్నాడు, ఉన్నాను. అత్త చివరి సంవత్సరాలన్నీ ఆ ఫ్లాట్ హాల్లో, కిటికీ పక్కన వేసిన నులకమంచం మీదే గడిచాయి. పెద్దకర్మకు ముందురోజు నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ మంచం లేదు. పాత సామాన్లు కొనే కబాడీవాడు వస్తే ఇచ్చేశారట. దాని స్థానంలో ఇనుప స్టాండు, దాని మీద నేను చేతులు చాచినంత వెడల్పున గాజు తొట్టి వెలిశాయి. మా తమ్ముడి కూతురు నికిత నేల మీద పాత దుప్పటి పరిచి, రాళ్ళూ మట్టి సంచులూ చుట్టూ పెట్టుకుని కూర్చుంది. తొట్టి ఎప్పుడో ఆర్డరిచ్చిందట, చోటు లేక వరండాలో పడి ఉందట. ఇప్పుడు చోటు దొరికింది.

ఆ పిల్లను తప్పు పట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్కో రాయినీ బ్రష్షుతో రుద్ది కడుగుతోంది. తుడిచి ఆరబెట్టి, చిన్న డ్రాపర్‌తో దాని మీద వెనిగర్ చుక్కలు వేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. బూడిద రంగు గీతలున్న అందమైన రాయి ఒకటి చుక్క పడగానే బుసబుసమని నురగ కక్కింది. "ఏటే అది?" అన్నాను. నేను తెలుగులో అడిగితే అది హిందీలోనే చెబుతుంది, నన్ను అత్త అనకుండా బువా అంటుంది. "లైమ్ హై బువా. పానీ హార్డ్ హో జాయేగా. ఇస్కో నహీ డాల్నా" అని, సున్నం ఉంది, నీళ్ళు చెడతాయి, వేయకూడదని ఆ రాయిని తీసి చెత్తబుట్టలో పడేసింది. అంతే. ఎవరినీ అడగలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. నేను అక్కడ నిలబడలేక బాల్కనీలోకి వెళ్ళాను. మా అత్త కూడా ఒకప్పుడు ఈ మాటే చెప్పింది, ఇంత స్పష్టంగానే చెప్పింది. ఆ ఒక్క మాట చెల్లుబాటై ఉంటే ఆమె బతుకు ఆ నులకమంచం మీద ముగిసేది కాదు.

అప్పుడు మేం టాటానగర్ భాలుబాసాలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక రేకుల వంటిల్లు, దాని వెనక కుళాయి గట్టు. నాన్న ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆయన డ్యూటీ పాళీని బట్టే మా ఇంటి తెల్లవారుజామూ మధ్యాహ్నమూ నడిచేవి. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు అయితే చీకటితోనే బొగ్గుల పొయ్యి అంటుకోవాలి. రాత్రి ‘సీ’ షిఫ్టు చేసి వస్తే పగలంతా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఆయన చొక్కాలు విప్పి తాడు మీద వేస్తే ఇల్లంతా కాలిన ఇనుమూ గ్రీజూ కలిసిన వాసన వేసేది. ఆ చొక్కాలు ఉతికేది అత్త. పొయ్యి రాజేసేదీ, తరవాణి కుండ కడిగేదీ, నానమ్మ కాళ్ళకు నూనె రాసేదీ అత్తే. నాన్న ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు రూర్కెలా వెళ్ళి అక్కడ ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. నాన్న వెళ్ళి చెల్లెల్ని తీసుకొచ్చాడు. అది ఆయన మంచితనమే, కాదనను. కానీ ఆ మంచితనాన్ని ఆయన ఎన్నడూ మరిచిపోలేదు, ఆమెనూ మరిచిపోనివ్వలేదు. కూర కొంచెం మాడినా, చొక్కా గుండీ ఊడినా "నాను తేపోతే ఏటయ్యేదానివి" అనేవాడు. అత్త తల దించుకుని వినేది కాదు. "తెచ్చినావు గందా, ఇంకేటి" అని ఎదురు చెప్పేది. మా ఇంట్లో నాన్నకు ఎదురు చెప్పే మనిషి ఆమె ఒక్కతే. అమ్మ చెప్పేది కాదు, నానమ్మ చెప్పేది కాదు.

మా పక్కింట్లో ఒక బెంగాలీ కాంపౌండర్ ఉండేవాడు. ఆయన ఊరు మారుతూ, అద్దం అంచు పగిలిన చేపల తొట్టి ఒకటి అత్తకు వదిలి వెళ్ళాడు. నీళ్ళు కారుతుంటే అత్త కిటికీ అద్దాలకు వాడే లప్పం తెప్పించి, వేళ్ళతో అంచులన్నీ నొక్కి, ఎండబెట్టి, మళ్ళీ నొక్కి కారడం ఆపింది. ఆమెకు మొదట్లో ఏమీ తెలియదు. నానమ్మ భీమిలి నుంచి తెచ్చిన గవ్వలూ శంఖాలూ తొట్టి నిండా పోసింది. చూడ్డానికి ముద్దుగానే ఉంది. కొన్నాళ్ళకు అద్దాల మీద తెల్లటి పొర కట్టింది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి మింగుతూ, ఒకటొకటే పోయాయి. అత్త అన్నం మానేసినంత పని చేసింది. మిగిలిన సామాను బండికెక్కించడానికి మళ్ళీ వచ్చిన కాంపౌండర్ చూసి నవ్వి, గవ్వలన్నీ సున్నమే కదమ్మా అన్నాడు. రాయి ఏదైనా సరే, తొట్టిలో వేసే ముందు సిర్కా, అదే వెనిగర్, ఓ చుక్క వేసి చూడమన్నాడు. పొంగితే సున్నం, పొంగకపోతే వేసుకోవచ్చు. ఆయన చెప్పింది అంతే. మిగిలింది ఆమె తానుగా, చేపల్ని చంపుకుంటూ బతికించుకుంటూ నేర్చుకుంది.

ఆదివారాలు అత్త నన్ను సువర్ణరేఖ ఒడ్డుకు తీసుకెళ్ళేది. ఆ నడక తలచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్ళకు ఇసుక వేడి తగులుతుంది. ఏటిలో నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో గులకరాళ్ళు మైళ్ళ పొడవున పరుచుకుని ఉండేవి. అత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని, వంగి, ఒక్కో రాయినీ తీసి గోటితో గీకేది. తెల్లగా నిగనిగలాడే పలుగురాళ్ళు, గట్టి నల్లరాళ్ళు మాత్రమే కొంగులో వేసుకునేది. తుప్పు రంగు మరకలున్నవీ, గోటికే పొడి రాలేవీ విసిరేసేది. "పెల్లలు పెల్లలుగా ఊడిందంటే నీలల్లో కరిగిపోద్ది, ఒద్దు" అనేది. ఒడ్డున పేరుకున్న మెత్తటి మట్టిని కూడా మూట కట్టేది. దాన్ని ఎండబెట్టి, పాత చీర గుడ్డలో జల్లించి, వేళ్ళూ ఆకులూ ఏరి తొట్టి అడుగున పరిచేది. పేడ కలిపితే మొక్క బాగా లేస్తుందని ఎవరో అంటే, "మొక్క లెగుత్తాది, సేప సత్తాది" అంది. మట్టి పైన కడిగిన ఇసుక, దాని పైన గులకలు. కుళాయి వచ్చినప్పుడు ఇసుకను బకెట్లో వేసి కలిపి వంచి, కలిపి వంచి, పైకి తేరిన నీరు తాగేటట్టు ఉండేదాకా వదిలేది కాదు. ఏటి గట్టున దొరికిన జామ వేరును అత్త తీసుకెళ్ళి నానమ్మ స్నానాల కాగులో ఉడకబెట్టింది. టీ డికాషన్‌లాంటి రంగు నీళ్ళు దిగుతూనే ఉంటే పారబోసి మళ్ళీ ఉడకబెట్టింది. నానమ్మ తన కాగు మైలపడిందని తిడుతూనే ఉంది. పచ్చి కొమ్మ వేస్తే నీళ్ళు కుళ్ళుతాయట, ఎండి గట్టిపడిన వేరైతేనే మంచిదట. ఇవన్నీ పనిచేసుకుంటూ తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పేది.

ఏటి మడుగుల్లోంచి తెచ్చిన రిబ్బన్లలాంటి మొక్కలు ఆ మట్టిలో వేళ్ళు దిగి, అద్దం పైదాకా లేచి, నీటి మీద వంగి తేలేవి. వాటి నడుమ బెంగాలీలు ఖల్షే అని పిలిచే సన్నటి చారల చేపలు తిరిగేవి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే మా ముందుగదిలో ఆ ఒక్క మూల మాత్రం ఎక్కడో వేరే చోటిలా ఉండేది. బొగ్గు మసి, చొక్కాల వాసన, నానమ్మ దగ్గు అక్కడికి చేరేవి కావు. పని తెమిలాక అత్త అక్కడ పీట వేసుకుని కూర్చునేది. ఆ ఇంట్లో ఆమెది అనదగ్గ వస్తువు అదొక్కటే.

నేను చదివే ఆడపిల్లల బడికి ఒక పెద్దావిడ హెడ్‌మిస్ట్రెస్. అందరూ దీదీ అనేవాళ్ళం. మా తొట్టి గురించి నేను క్లాసులో చెప్పిన గొప్పలు ఆమె దాకా వెళ్ళాయో ఏమో, ఒకరోజు బడి వదిలాక నాతోపాటు ఇంటికి వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. తొట్టి ముందు వంగి చాలాసేపు చూసి, మట్టి ఎక్కడిది, రాళ్ళు ఎలా ఏరావు అని అత్తను అడిగింది. అత్త తనకొచ్చిన హిందీలో అన్నీ చెప్పింది. అంత ఇదిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వెళ్ళే ముందు దీదీ అంది: బడిలో పెద్ద తొట్టి పెట్టాలని ఉంది, తోట కూడా ఉంది, సైన్సు గదిలో సాయానికి మనిషి కావాలి. బడి వెనక ఆయాలకు గదులున్నాయి, అందులో ఒకటి ఖాళీ. "ఆవోగీ?" అని, వస్తావా అని అడిగింది. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. వచ్చే ఆదివారం వచ్చి మీ అన్నగారితో మాట్లాడతానని దీదీ వెళ్ళిపోయింది. ఆ వారమంతా అత్త పొయ్యి దగ్గర సన్నగా ఏదో పాడుకుంటూనే ఉంది. అమ్మ ఒకసారి "ఎల్లిపోతావేటి వదినా?" అని అడిగితే, "ఎల్లనిత్తే ఎల్నా?" అని నవ్వింది.

శనివారం నాన్న డ్యూటీ నుంచి వస్తూ గోనెసంచి తెచ్చాడు. అందులో ఒకటి కర్మాగారం నుంచి తెచ్చిన పెద్ద స్లాగ్ గడ్డ. మా నానమ్మ దాన్ని చిట్టెం అనేది. కరిగిన ఇనుము మీద తేలే మడ్డి చల్లారితే గడ్డకట్టేది అదే. ఆకుపచ్చా నీలమూ కలిసి గాజులా మెరుస్తోంది, ఒక పక్క మాత్రం సుద్దలా తెల్లగా ఉంది. అదే సంచిలో బిష్టుపూర్‌లో కడుతున్న ఏదో బంగళా దగ్గర ఏరిన పాలరాతి ముక్కలు కూడా ఉన్నాయి. ఆయన తొట్టి ముందు నిలబడి, "పెద్దావిడ ఇంటికొత్తాదంటే ఈ ఏటిగట్టు రాలా సూపించేది? మనకీ ఇజ్జత్ ఉంది" అన్నాడు.

అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఒద్దన్నా, అయ్యి ఎయ్యకు. పాలరాయి సున్నం. ఆ సిట్టెం మరీని. సేపలు సచ్చిపోతాయి" అంది.

"నీకెవుడు సెప్పినాడు?"

"నువ్వే గదా సెప్పినావు, స్లాగ్ గుట్ట కాడ నీలు బూట్లోకి దూరి కాలు బొబ్బలెక్కిపోనాదని. ఒదిన మందు రాసింది కాదేటి?"

"అది పనికాడ. ఇది సల్లారిన రాయి. నా ఉమర్ అంతా కొలిమికాడే గడిచింది, నువ్వు నాకు సెప్తావేటి?"

అత్త లోపలికి పరుగెత్తి సిర్కా సీసా తెచ్చింది. పాలరాతి ముక్క మీద చుక్క వేసింది. పొంగింది. చిట్టెం గడ్డ తెల్లవైపు వేసింది. అదీ పొంగింది, కుళ్ళిన గుడ్డు వాసన కూడా వేసింది. "సూడు, నీ కల్లతోనే సూడు" అంది. నాన్న చూశాడు. నేను అక్కడే ఉన్నాను, ఆయన చూడటం నేను చూశాను. చూసి, ముఖం గట్టిపడి, ఆ గడ్డను రెండు చేతులా ఎత్తి తొట్టి నడుమ దించాడు. పాలరాళ్ళు చుట్టూ గుమ్మరించాడు. రిబ్బన్ మొక్కలు వేళ్ళతో సహా లేచి తేలాయి. అత్త ఆయన అటు తిరగగానే మోచేతుల దాకా తడుపుకుని అన్నీ తీసేసింది. నాన్న స్నానం చేసి వచ్చి చూసి, ఒక్క మాట కూడా పెంచకుండా మళ్ళీ వేశాడు. "ఈపాలి తీసినావంటే తొట్టే ఈదిలో పారెత్తాను" అన్నాడు. పారేస్తాడని మా అందరికీ తెలుసు. అత్త గోడకు చేరగిలబడి నిలబడింది.

మర్నాడు పొద్దున్నకే నీళ్ళ మీద సన్నటి తెల్లటి తెట్టు కట్టింది. చేపలు మూలలకు చేరి, ఒంటి నిండా జిగురు పట్టి, పక్కకు ఒరిగి తిరుగుతున్నాయి. దీదీ వచ్చేసరికి చాలా వరకు వెల్లకిలా తేలాయి. ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తొట్టి వైపు చూసి ఆగిపోయింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ జరిపాడు. అంతా చూస్తుండగా నవ్వుతూ, తెలుగూ హిందీ కలిపి, "క్యా బోలే దీదీ, మా చెల్లికి చేతిలో నిలకడ లేదు. ఇస్సే నాలుగు చేపలే నహీ సంభల్తా, మీ బడి ఏం సంభాళిస్తుంది? తీసుకెళ్తే మీకే పరేషానీ" అన్నాడు. అత్త టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "పత్థర్ భయ్యానే డాలా. మైనే మనా కియా థా" అని, రాళ్ళు అన్నే వేశాడు, నేను వద్దన్నానని, గదిలో అందరికీ వినపడేటట్టు, తొణక్కుండా అంది.

దీదీ ఇద్దరి వైపూ చూసింది. అన్నాచెల్లెళ్ళ తగువులో తలదూర్చడం ఆమెకు ఇష్టం లేదని చిన్నపిల్లనైన నాకూ అర్థమైంది. టీ తాగింది, బాగుందంది, ఆలోచించి కబురు చేస్తానంది. కబురు రాలేదు. కొన్నాళ్ళకు బడిలో కొత్త తొట్టి వచ్చింది, దాన్ని చూడటానికి వేరే ఆవిడ వచ్చింది. నాన్న ఆ ఆదివారం మధ్యాహ్నం అత్త వండిన చేపల పులుసుతో అన్నం తిని, పులుపు తగ్గిందన్నాడు.

నాన్నకు ఆ రాళ్ళు చేపల్ని చంపుతాయని తెలుసా? చాలా ఏళ్ళు ఈ ప్రశ్నను నేను అటూ ఇటూ తిప్పి చూశాను. గొప్పకు పోయి చేశాడా, చెల్లెలు వెళ్ళిపోతే ఇల్లు ఎవరు నడుపుతారని చేశాడా? పెద్దయ్యాక ఒకసారి అత్తనే అడిగాను. వత్తులు చేసుకుంటోంది. "తెలీకుండా సేసినాడనుకో, తెలిసే సేసినాడనుకో. నాను సెప్పినాను గదా. ఇన్నేదు" అంది. ఆమెకు ఆయన మనసులో ఏముందో అక్కర్లేదు. తాను చెప్పింది, ఆయన వినలేదు. అక్కడితో ఆమెకు లెక్క తేలిపోయింది. తేలనిది నాకే.

తొట్టిని ఆమే ఖాళీ చేసింది. ఏరుకొచ్చిన గులకలన్నీ కుళాయి గట్టు దగ్గర, అంట్లు తోమేచోట బురద కాకుండా పోసింది. తొట్టిలో అమ్మ ఉల్లిపాయలు పోసుకుంది. ఆదివారాలు ఏటికి వెళ్ళడం ఆగిపోయింది. అత్త ఎదురు చెప్పడం మానలేదు గానీ, అడగడం మానేసింది. సినిమాకు తీసుకెళ్ళమని గానీ, కొత్త చీర గానీ, ఏదీ మళ్ళీ అడగలేదు. నాన్నకు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టినప్పుడు తుడిచిందీ కడిగిందీ ఆమె. నాన్న తర్వాత అమ్మకు చేసింది. ఆ తర్వాత తమ్ముడి సంసారంతోపాటు సామానులో ఒకటిగా ఆదిత్యపూర్ చేరింది. నేను విజయనగరం రమ్మని పిలిచినప్పుడల్లా, "మల్లీ ఇంకో ఇంట్లో పొయ్యెక్కడుందో ఎతుక్కోవాలా?" అనేది.

ఇప్పుడు రోజులు మారాయి, నిజమే. మట్టి సంచుల మీద చిట్టీలు ఉంటున్నాయి, ఏ రాయి నీటిలో ఏం చేస్తుందో ఫోన్ చెబుతోంది. సువర్ణరేఖలో నురగ తేలుతోంది, ఇసుక లారీలకెక్కింది. నికిత లాంటి పిల్లలకు తమ తొట్టిలో ఏది వేయకూడదో తామే తేల్చుకునే హక్కు వచ్చింది. సంతోషమే. కానీ ఆ హక్కు మా ఇంట్లోకి ఒక మనిషి ఆయుష్షంత ఆలస్యంగా వచ్చింది. ఎవరి మంచం తీసిన చోట అది కాలు పెట్టిందో నేను చూశాను గనక, మనసారా సంతోషించడం నాకు చేతకాలేదు.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం హాల్లో బంతి వేశారు. వరసైనవాళ్ళూ, తమ్ముడితో పనిచేసేవాళ్ళూ వచ్చారు. అందరూ అత్త వంటలు తలచుకున్నారు. తమ్ముడు గొంతు సవరించుకుని, "మా అత్తకి మేమంటే పానం. బడిలో నౌకరీ వచ్చింది తెలుసా? క్వార్టర్ తో సహా. మమ్మల్ని ఒదిలి ఎల్లలేక ఒద్దన్నాది. నాన్న ఎప్పుడూ సెప్పేవోడు" అన్నాడు. చాలామంది తలలూపారు. ఎంత త్యాగం అన్నారెవరో.

వాడప్పుడు ఊయలలో ఉన్నాడు. వాడికి నాన్న చెప్పిందే తెలుసు. అయినా నేను ముద్ద విస్తట్లో వదిలేశాను. "ఒద్దనలేదురా. ఎల్తానన్నాది. నాన్న ఎల్లనియ్యలేదు" అని, చిట్టెం సంగతీ, దీదీ ముందు నాన్న అన్న మాటా అందరి ముందూ చెప్పాను. నికిత వడ్డన ఆపి నా వైపు చూసింది. "కిసీనే కుఛ్ బోలా నహీ, బువా?" అంది, ఎవరూ ఏమీ అనలేదా అని.

"బోలీ థీ. మీ పైడమ్మ నానమ్మే సెప్పింది. నాన్నకీ దీదీకీ ఇద్దరికీ ఇనపడేటట్టు సెప్పింది."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "ఛోడో అక్కా. పోయినోల్ల గురించి ఇప్పుడెందుకు? నాన్న మంచోడే" అన్నాడు. నేను నాన్న మంచివాడు కాడని అనలేదు. జరిగింది చెప్పానంతే. ఆ మాటే అన్నాను. విస్తళ్ళ మీద చేతులు ఆగిపోయాయి. వాడు మాట మార్చాలనుకున్నాడు. అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండానే, వంటింటి వైపు కేకేశాడు: "అత్తా, మజ్జిగ తే!"

కేక వేశాక వాడికే తెలిసింది. చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా వైపు చూశారు, వరసకు పెద్దదాన్ని గనక నేను లేచి తెస్తానని. నేను లేవలేదు.